పసిబిడ్డకు ఆటే మేధ్య రసాయనం

సంతానం ఆరోగ్యంగా, చురుకుగా ఎదగాలని కోరుకోని తల్లిదండ్రులు ఉండరు. ఆ కోరికతోనే చాలామంది వైద్యుని వద్దకు వచ్చి, ఇంకా ఆరు నెలలైనా నిండని బిడ్డకు “బుద్ధి వికసించే లేహ్యం ఏదైనా ఉంటే ఇవ్వండి” అని అడుగుతుంటారు. కొందరు బ్రాహ్మీఘృతం పేరు తామే చెబుతారు. మరికొందరు వసకొమ్ము ఎంత అరగదీసి నాకించాలో తెలుసుకోగోరుతారు. మేధ్య రసాయనాలు శాస్త్రంలో ఉన్న మాట నిజమే. వాటికి వయస్సు, మాత్ర, కాలం అనే నియమాలు ఉన్న మాట కూడా అంతే నిజం. ఆరోగ్యంగా పుట్టి, తల్లిపాలు త్రాగుతూ, కంటినిండా నిద్రపోతున్న బిడ్డకు నేను వ్రాసి ఇచ్చే చీటీలో ఔషధం పేరు ఉండదు. ఒక చాప, చేతికందే నాలుగు వస్తువులు, తొందరపడని ఒక పెద్ద మనిషి – ఇంతే ఉంటుంది.

“ఆటలు ఆడించడానికి వైద్యుని సలహా ఎందుకండీ?” అని నవ్వేవారున్నారు. పసితనంలో ఆట వినోదం మాత్రమే కాదు. అది బిడ్డ చేసే వ్యాయామం, చదివే చదువు. పెద్దలు కనిపెట్టి చూస్తే అదే బిడ్డ ఆరోగ్యాన్ని చూపే అద్దం కూడా. మనిషి మెదడు పుట్టినప్పుడు పెద్దవారి మెదడు బరువులో నాలుగో వంతు మాత్రమే ఉంటుంది. మూడేళ్ళు నిండేసరికి సుమారు 80 శాతానికి చేరుతుంది. అంతటి వేగంతో జరిగే పెరుగుదల జీవితంలో మళ్ళీ రాదు. ఆ కాలంలో బిడ్డ ఏమి చూస్తున్నాడు, ఏమి వింటున్నాడు, దేనిని పట్టుకుంటున్నాడు అన్నది ఏ లేహ్యంకన్నా ముఖ్యమైనది.

బొమ్మకు ఎనిమిది లక్షణాలు

ఆయుర్వేదానికి అంగాలు ఎనిమిది. శిశువుల పోషణను, చికిత్సను చెప్పే కౌమారభృత్యం వాటిలో ఒకటి. గురుకులంలో చరక సంహిత శారీరస్థానం వల్లెవేసే రోజుల్లో, ఎనిమిదవ అధ్యాయం వచ్చినప్పుడు విద్యార్థులమైన మాకు ఆశ్చర్యం కలిగేది. గర్భిణి పాటించవలసిన నియమాలు, ప్రసవం, బాలింత సంరక్షణ వంటి గంభీర విషయాల నడుమ ఆచార్యుడు ఆగి, బిడ్డకు ఇచ్చే ఆటవస్తువులు ఎలా ఉండాలో చెబుతాడు. అవి రంగురంగులుగా ఉండాలి. చప్పుడు చేయాలి. చూడటానికి ఇంపుగా ఉండాలి. బరువు ఉండరాదు. మొనదేలి ఉండరాదు. నోటిలోకి దూరేవిగా ఉండరాదు. ప్రాణాపాయం కలిగించేవి కారాదు. భయపెట్టేవి కారాదు.

మా గురువుగారు ఈ ఎనిమిదింటినీ రెండుగా విడదీసి చెప్పేవారు. మొదటి మూడు బిడ్డ ఇంద్రియాలకు ఆహారం. తరువాతి అయిదు బిడ్డ ప్రాణానికి కాపలా. నేటికీ బొమ్మ కొనే ముందు తల్లిదండ్రులు వేసుకోదగిన ప్రశ్నలు ఈ ఎనిమిదే.

అదే అధ్యాయంలో మరొక మాట ఉంది. బిడ్డ ఏడ్చినా, అన్నం తినకపోయినా రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి జడిపించరాదని చరకుడు నిషేధించాడు. “బూచాడికి ఇచ్చేస్తాను” అనే బెదిరింపు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. సుశ్రుతుడు కూడా బిడ్డను సుఖంగా ఎత్తుకోవాలని, గద్దించరాదని, నిద్రనుండి హఠాత్తుగా లేపరాదని, ఒక్కసారిగా లాక్కోవడం గాని ఎగరవేయడం గాని చేయరాదని, వేళకు ముందే కూర్చోబెట్టరాదని చెప్పాడు. కాశ్యప సంహితలో బిడ్డను తొలిసారి శుభ్రం చేసిన నేలపై కూర్చోబెట్టే విధి ఉంది. ఆ సమయంలో చుట్టూ పశుపక్ష్యాదుల ఆకారాలలో బొమ్మలు అమర్చాలన్నాడు. ఎక్కువసేపు కూర్చోబెడితే బిడ్డ అలసిపోతాడనే హెచ్చరిక కూడా చేశాడు.

ఒక వైద్యురాలు చూపిన బాట

మాంటిస్సోరి అనగానే మనవారికి ఖరీదైన పాఠశాల గుర్తుకు వస్తుంది. మారియా మాంటిస్సోరి స్వతహాగా వైద్యురాలు. 1870లో ఇటలీలో జన్మించి, 1896లో రోము విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందారు. 1907 జనవరి 6న రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేదల వాడలో తొలి బాలల గృహాన్ని తెరిచారు. రోగిని పరీక్షించే వైద్యురాలి చూపుతోనే ఆమె పిల్లలను ఓర్పుగా గమనించారు.

ఆమెకు మన దేశంతో గాఢమైన అనుబంధం ఉంది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు. మద్రాసులో, కొడైకెనాలులో, అహమ్మదాబాదులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. శిశువు మనస్సును గురించి ఆమె చేసిన ఉపన్యాసాలే ‘ది అబ్సార్బెంట్ మైండ్’ అనే గ్రంథంగా 1949లో మద్రాసులో అచ్చయ్యాయి. 1952లో ఆమె పరమపదించారు.

ఆమె బోధనల సారం మూడు మాటలలో చెప్పవచ్చు. పసివాని మనస్సు పొడిగుడ్డ నీటిని పీల్చుకున్నట్లు పరిసరాలను పీల్చుకుంటుంది. చేయి బుద్ధికి పనిముట్టు. చేతికి పని దొరికితే బుద్ధి పదునెక్కుతుంది. పెద్దలు చేయవలసినది బిడ్డకు నేర్పడం కాదు, బిడ్డ తనంత తాను నేర్చుకోవడానికి అనువైన చోటు అమర్చి ప్రక్కకు తప్పుకోవడం. ఇందుకు వేలు ఖర్చు చేసి పరికరాలు కొననక్కరలేదు. మన వంటయిల్లు, పాత చీరలు, వెదురు బుట్టలు చాలు.

ముందుగా చోటు

బిడ్డ మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం ఉయ్యాలలోనో, ఒడిలోనో, కుర్చీలోనో గడిచిపోవడం నేటి ఇళ్ళలో చూస్తున్నాను. నేలపై వదలితే దుమ్ము అంటుతుందని భయం. తుడిచిన నేలపై చాప వేసి, దానిపై నాలుగు మడతల బొంత పరిస్తే అదే బిడ్డ వ్యాయామశాల. మంచం మీద కాక నేలమీదనే పరచాలి. నేలనుండి పడిపోయే భయం లేదు. మెత్తని పరుపుపై బిడ్డకు దొర్లడానికి పట్టు దొరకదు. గోడవారగా ఒక అద్దాన్ని కదలకుండా బిగిస్తే బిడ్డ తన ముఖాన్ని చూసుకుని మురిసిపోతాడు. అది పగలని అద్దమై ఉండాలి.

బిడ్డ ఆకలితోనో నిద్రమత్తుతోనో ఉన్నప్పుడు ఆట వద్దు. పాలు త్రాగిన వెంటనే బోర్లా పడుకోబెట్టరాదు. ఉదయం అభ్యంగనం, స్నానం, పాలు, నిద్ర ముగిసి హాయిగా కళ్ళు తెరిచిన వేళ శ్రేష్ఠం. నిజానికి అభ్యంగనమే బిడ్డకు తొలి ఆట. గోరువెచ్చని నువ్వుల నూనెనో, కొబ్బరి నూనెనో మృదువుగా రాస్తూ “ఇది చేయి, ఇది పాదం, ఇది బొజ్జ” అని పేర్లు చెబుతూ ఉంటే స్పర్శ, మాట జతకూడి లోపలికి వెళతాయి. ముక్కులో, చెవుల్లో నూనె పోయరాదు.

నెలలను బట్టి ఆటలు

పుట్టినది మొదలు మూడు నెలలు: ఈ వయస్సులో బిడ్డకు జానెడు దూరంలో ఉన్నవి మాత్రమే స్పష్టంగా కనిపిస్తాయి. అంటే పాలిచ్చే తల్లి ముఖం ఉండేంత దూరం. కాబట్టి తొలి ఆటబొమ్మ తల్లి ముఖమే. దగ్గరగా వంగి నెమ్మదిగా మాట్లాడి, ఆగి, బిడ్డ చేసే “ఊఁ”, “ఆఁ” ధ్వనులకు బదులు చెప్పాలి. నలుపు, తెలుపు గడులు గీసిన అట్టముక్కను ప్రక్కగా నిలబెడితే తదేకంగా చూస్తాడు. ఉయ్యాలపై తాటాకు చిలకలు కట్టే మన ఆచారంలో ఎంతో వివేకం ఉంది. గాలికి మెల్లగా తిరిగే వస్తువును వెంబడించి చూపు నిలకడ నేర్చుకుంటుంది. చిలకలను బిడ్డ చేతికి అందనంత ఎత్తులో, ఊడి పడకుండా కట్టాలి. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు రోజులో పలుమార్లు, రెండు మూడు నిమిషాల చొప్పున పెద్దల కళ్ళ ముందే బోర్లా పడుకోబెట్టాలి. ఈ కొద్ది నిమిషాలను పెంచుకుంటూ పోయి రోజు మొత్తం మీద కనీసం అరగంట చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎల్లప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి.

మూడు నుండి ఆరు నెలలు: చేయి తెరుచుకునే కాలం ఇది. గుప్పిట్లో ఇమిడే సన్నని పిడి గల గిలక్కాయ, నున్నని కొయ్య కంకణం, ముడివేసిన శుభ్రమైన నూలుగుడ్డ చాలు. బిడ్డ చేతిలో పెట్టకండి. చేతికి కొద్ది దూరంలో ఉంచి ఓపిక పట్టండి. చేయి చాచి, తప్పి, మళ్ళీ చాచి అందుకున్నప్పుడు అతని కళ్ళలో కనిపించే వెలుగు, మనం చేతిలో పెట్టినప్పుడు కనిపించదు. అందిన ప్రతిదీ నోటికి తీసుకుంటాడు. అది దురలవాటు కాదు. ఆ వయస్సులో నోరే పరీక్షాసాధనం. అందుకే వస్తువులను రోజూ కడిగి ఆరబెట్టాలి.

ఆరు నుండి తొమ్మిది నెలలు: ఒక లోతు తక్కువ వెదురుబుట్ట తీసుకుని, పేళ్ళు లేవకుండా అంచుకు గుడ్డ కుట్టండి. అందులో ఆరేడు ఇంటి వస్తువులు వేయండి. ఒక కొయ్య గరిటె, స్టీలు గిన్నె, దాని మూత, నున్నగా గీకిన కొబ్బరి చిప్ప, పట్టుగుడ్డ, నూలుగుడ్డ, పెద్ద బత్తాయి పండు. చల్లని లోహం, వెచ్చని కొయ్య, గరుకు, నునుపు, బరువు, తేలిక – ఈ గుణాలన్నీ చేతితోనే బిడ్డకు పరిచయమవుతాయి. గురువాది గుణాలను మేము శ్లోకాలుగా నేర్చుకున్నాము. బిడ్డ వాటిని బుట్టలో నేర్చుకుంటాడు. ప్లాస్టిక్ బొమ్మలన్నీ చేతికి ఒకే తీరుగా తగులుతాయని గమనించండి.

తొమ్మిది నుండి పన్నెండు నెలలు: కనబడని వస్తువు లేకుండా పోలేదని బిడ్డకు అర్థమయ్యే కాలం. దోబూచులాట ఈ వయస్సులో అంత ఆనందం కలిగించడానికి కారణం ఇదే. బంతిని తువ్వాలు క్రింద దాచి వెదకనివ్వండి. ఒక అట్టపెట్టె మూతకు గుండ్రని రంధ్రం చేసి, ప్రక్కన ఒక ద్వారం కోసి, బంతిని పైనుండి వేస్తే ప్రక్కనుండి వచ్చేట్లు చేయండి. బిడ్డ అదే పనిని ఇరవైసార్లు చేస్తాడు. విసుగుపడి ఆపకండి, ఆ పునరావృత్తియే అతని అధ్యయనం. మేము పాఠాన్ని వల్లెవేసింది కూడా అలాగే కదా! వంట చేస్తుండగా రెండు గిన్నెలు, ఒక గరిటె ఇచ్చి పొయ్యికి దూరంగా కూర్చోబెడితే చాలాసేపు తనలో తాను లీనమై ఉంటాడు.

ఏడాది దాటిన తరువాత: ఆట పనిగా మారుతుంది. ఉతికిన చిన్న గుడ్డలు తెచ్చి ఇవ్వడం, ఉల్లిపాయలను ఒక బుట్టలోనుండి మరొక బుట్టలోకి మార్చడం, చిన్న గ్లాసుతో తానే నీళ్ళు త్రాగడం, ఒలికితే తుడవడం నేర్పవచ్చు. నాయనమ్మ పూలు కడుతుంటే ప్రక్కన కూర్చుని బంతిపూలు అందివ్వడం ఎంత మంచి ఆటో చెప్పలేను.

పెద్దలకు నియమాలు

ఒకేసారి పది వస్తువులు పెట్టకండి. మూడు నాలుగు చాలు. వారానికొకసారి మార్చితే పాతవే కొత్తవిగా కనిపిస్తాయి. బిడ్డ ఏకాగ్రతతో ఉన్నప్పుడు “భలే భలే” అని చప్పట్లు కొట్టి ధ్యానభంగం చేయకండి. అలసి ముఖం త్రిప్పుకుంటే ఆట ముగిసినట్లే. ప్రక్కింటి బిడ్డతో పోల్చకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలు ఆసరా లేకుండా కూర్చునే వయస్సు 4 నుండి 9 నెలల మధ్య, ఒంటరిగా నడిచే వయస్సు 8 నుండి 18 నెలల మధ్య ఎప్పుడైనా కావచ్చు. కొందరు పారాడకుండానే నడుస్తారు.

చక్రాల వాకర్లలో కూర్చోబెడితే త్వరగా నడక వస్తుందన్నది భ్రమ. నేలపై పారాడే అవకాశం పోవడమే కాక, మెట్ల మీదనుండి దొర్లి తలకు దెబ్బలు తగులుతాయి. కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. సుశ్రుతుని హెచ్చరికను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నిలబడాలని ఉన్న బిడ్డకు బరువైన పీటో, గోడ ప్రక్క బల్లో చాలు. సెల్‌ఫోను, టెలివిజను సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ లోపు బిడ్డలకు తెర చూపడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అన్నం తినిపించడానికి సెల్‌ఫోను చూపడం బూచాడికి నేటి రూపమే. భయపెట్టి నోరు తెరిపించినా, మైమరపించి తెరిపించినా బిడ్డకు తన ఆకలి తనకు తెలియకుండా పోతుంది.

నోటిలోకి దూరరాదన్న ఆచార్యుని మాటను అక్షరాలా పాటించండి. మూడేళ్ళ లోపు బిడ్డకు ఇచ్చే బంతి 4.5 సెంటీమీటర్ల వ్యాసానికి తగ్గరాదు. చింతగింజలు, గవ్వలు, నాణేలు, వేరుశనగ గింజలు, గుండీలు, పగిలిన బెలూను ముక్కలు బిడ్డ ఉన్న గదిలోనే ఉండరాదు. బొమ్మలలోని గుండ్రని బిళ్ళ బ్యాటరీని మింగితే కొద్ది గంటలలోనే అన్నవాహిక కాలిపోతుంది. మింగాడని అనుమానం వస్తే ఇంటి వైద్యం చేయక వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. పొడవైన త్రాళ్ళు, మొలత్రాడుకు వ్రేలాడే పిన్నులు పనికిరావు. బకెట్టులో జానెడు నీళ్ళున్నా బిడ్డను ఒంటరిగా వదలరాదు.

కొనే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి నుండి తప్పనిసరి అయినది. హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది కనుక రంగును గురించి అడిగి తెలుసుకోవాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, వృక్షసంబంధమైన రంగులతో చేసే గిలక్కాయలు పిల్లలకు అనువైనవి. కొండపల్లి బొమ్మలు చూడముచ్చటైనవే గాని, అవి బీరువాలో ఉండవలసినవి; నోటిలో పెట్టుకునే బిడ్డకు కాదు.

ఆట చూపిన జబ్బు

కొన్నేళ్ళ క్రితం పద్దెనిమిది నెలల బాలుణ్ణి మా వద్దకు తీసుకువచ్చారు. చక్కని రూపం, చలాకీ నడక. మాటలు మాత్రం రాలేదు. ఆరు నెలలుగా ఇంట్లో వస నాకిస్తున్నారు. వసపిట్టలా మాట్లాడాలంటే వస పెట్టాలని మనవారి నమ్మకం. “మోతాదు చాలడం లేదేమో చూడండి బాబుగారూ” అన్నది అమ్మమ్మ.

నేను నాడి చూడకముందే చాప పరిపించి నాలుగు వస్తువులు పెట్టించాను. బాలుడు గిన్నెలో మూత పెడుతూ, తీస్తూ ఎంతో నేర్పుగా ఆడుకున్నాడు. తెలివికి లోటేమీ లేదు. ఇంతలో అతని వెనుక గిలక్కాయ ఆడించమని మా అబ్బాయికి సైగ చేశాను. బాలుడు తల త్రిప్పలేదు. స్టీలు పళ్ళెంపై గరిటెతో కొట్టించాను. తల్లి ఉలిక్కిపడింది గాని బాలుడు కదలలేదు. “వీడికి కావలసింది వస కాదమ్మా. ముందు చెవుల పరీక్ష చేయించండి” అని ఆ రోజే చెవి వైద్యుల వద్దకు పంపాను. రెండు చెవులలోను వినికిడి బాగా తక్కువని తేలింది. వినికిడి యంత్రాలు అమర్చి, మాటల శిక్షణ మొదలుపెట్టారు. మాట నెమ్మదిగా వచ్చింది. ఇంకొక రెండేళ్ళు వస నాకిస్తూ కూర్చుని ఉంటే ఆ విలువైన కాలం తిరిగి వచ్చేది కాదు.

మాట వినికిడి నుండి పుడుతుంది, మూలిక నుండి కాదు. పసిపిల్లలకు వస వలన వాంతులు, మత్తు కలిగే ప్రమాదం ఉంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా పెట్టవద్దని పాఠకులకు గట్టిగా చెబుతున్నాను.

ఆట సమయంలో ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక శిశువైద్యునికి చూపాలి: మూడు నెలలకు ముఖం చూసి నవ్వకపోవడం, నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోవడం, ఆరు నెలలకు చప్పుడు వైపు తిరగకపోవడం, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదికి పిలిచినా పలకకపోవడం, వేలితో దేనినీ చూపకపోవడం, పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోవడం, ఏడాదిలోపే ఒక చేతినే వాడి రెండవ చేతిని మరచిపోవడం, ఏ వయస్సులోనైనా వచ్చిన ఆట, మాట పోవడం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లా ఆస్పత్రులకు అనుబంధంగా సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అక్కడ కూడా పరీక్షలు చేయించుకోవచ్చు.

ఈ వ్యాసం చదివిన తల్లులు, తండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు ఒక్క పని చేయండి. రేపు బిడ్డ నిద్ర లేచి, పాలు త్రాగి, తేట ముఖంతో ఉన్నప్పుడు చాప పరచి రెండు వస్తువులు పెట్టి, సెల్‌ఫోను ప్రక్క గదిలో ఉంచి, పావుగంట ఊరక కూర్చుని చూడండి. బిడ్డ దేనివైపు చేయి చాచాడు, ఏ చప్పుడుకు తిరిగాడు, ఎంతసేపు నిలకడగా ఉన్నాడు అన్నది ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి వ్రాసుకోండి. నెలకొకసారి తిరగవేస్తే బిడ్డ ఎదుగుదల మీకే తెలుస్తుంది. వైద్యుని వద్దకు వెళ్ళవలసి వస్తే ఆ పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. మీరు నోటితో చెప్పేదానికన్నా అది ఎక్కువ చెబుతుంది.